లిస్టులో చివరి ఇల్లు

1994 వానాకాలం. డాక్టర్ల రిజిస్ట్రేషన్లు చూసే ఆఫీసులో నేను క్లర్కుని. డాక్టరు కొన్నేళ్లకోసారి ఫీజు కట్టి తన పేరు కొనసాగించుకోవాలి. దాన్ని రెన్యూవల్ అంటాం. అది లేకపోతే ఆయన సంతకం చెల్లదు. పేదలకు ఉచితంగా వైద్యం చేసేవాళ్లకు మా దగ్గర ఆ ఫీజు మాఫీ ఉండేది. ఆ ఉచితం నిజమో కాదో ఇళ్లకు వెళ్లి విచారించి రిపోర్టు రాయడం నా పని. నేను ఎవరినీ ఓ పట్టాన నమ్మే రకం కాదు.

చిక్కడపల్లి నుంచి పెద్దవయసు డాక్టరు ఒకాయన దరఖాస్తు వచ్చింది. డబ్బు తీసుకునే ప్రాక్టీసు మానేశానని, పేదల్ని ఉచితంగా చూస్తున్నానని, ఆదాయం లేదని రాశారు. కింద పేషెంట్ల పేర్లు, చిరునామాలు, చూసిన తేదీలు. ఫలితం అనే గడి మాత్రం అందరికీ ఖాళీగా ఉంది.

మొదట అశోక్‌నగర్‌లో ఒక ఇంటికి వెళ్లి, "యాదయ్య ఉన్నడా?" అని అడిగాను. గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఆవిడ తలెత్తి, "పోయిండు" అంది. ఆమె చెప్పిన రోజూ, లిస్టులో డాక్టరు చూసిన రోజూ ఒకటే. జబ్బు ముదిరి ఉంటుందిలే అనుకున్నాను. రెండో ఇంట్లో గోడ మీది ఫొటోకి దండ వేసి ఉంది. ఆ మనిషి పోయిందీ డాక్టరు వచ్చిన రోజే. నారాయణగూడలో మూడో గుమ్మం ముందు లిస్టులోని పేరు పలకడానికే భయమేసింది. అక్కడా అదే జవాబు. పైగా ఆ ఇంటి పెద్దాయన, "దేవుడసుంటి డాక్టర్ సార్. పైస ముట్టలె" అన్నాడు. పట్టపగలు నాకు ఒళ్లు జలదరించింది. ఈయన అడుగుపెట్టిన ఇంట్లో మనిషి మిగలడా?

నేరుగా చిక్కడపల్లిలో డాక్టరు ఉండే గదికి వెళ్లి, నా పేరు రాజేశమని చెప్పి అడిగేశాను. "సార్, నేను పోయిన ఇండ్లల్ల మీ పేషెంట్లు ఒక్కరు గూడ బతికి లేరు. ఏంది సంగతి?"

ఆయన తొణకలేదు. "నన్ను పిలిచేదే మనిషి పోయినంక. పోయిండని డాక్టర్ కాయితం రాసియ్యాలె గద. అది లేకుంటే పెండ్లానికి పెన్షన్ రాదు, శవాన్ని ఊరికి తీస్కపోనియ్యరు. పేదోళ్ల ఇంటికి ఉత్తగ ఎవరొస్తరు? నేను పోత. రెన్యూవల్ కాకుంటే నా కాయితం ఎవరు నమ్మరు."

"కని రూల్‌ల పేషెంటుకు చికిత్స అని ఉన్నది సార్. సచ్చిపోయినోళ్లు పేషెంట్లు ఎట్లయితరు?"

"పోయిన్రని నేను ఖాయం చేసుకునేదాంక పేషెంట్లే. లిస్టుల చివరి ఇల్లు చూసిండ్రా, రాజేశం గారు?"

ఆ ఇల్లు రాంనగర్ వైపు ఒక సందులో ఉంది. ఒక ముసలామె తలుపు తీసింది. జవాబు నాకు ముందే తెలిసినట్టు, "సత్తెమ్మ ఎప్పుడు పోయింది?" అని అడిగాను.

"నేనే సత్తెమ్మను" అంది.

లిస్టు తీసి పేరు మళ్లీ చూసుకున్నాను. ఆమె నవ్వి, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. "అందరు ఏడ్సుడు మొదలువెట్టిండ్రంట. కాలి బొటనవేళ్లు గూడ కట్టిండ్రంట. నాకేం ఎరుక లేదు. అంతల ఎవరో సత్తెమ్మ గారూ అని పిలిచిండు. మల్ల పిలిచిండు. నాలుగిండ్లల్ల బోళ్లు తోమేదాన్ని, నన్ను గారు అనేటోడెవడు? ఎవర్ని పిలుస్తున్నడో చూద్దామని కండ్లు తెరిసిన."

తిరిగొస్తూ నారాయణగూడ ఇంట్లో మళ్లీ ఆగాను. డాక్టరు తమ ఇంట్లోనూ అట్లే చేశాడని ఆ పెద్దాయన చెప్పాడు. "మా అమ్మను పేరు పెట్టి మూడుసార్లు పిలిచిండు సార్. పిలిచినప్పుడల్ల జర ఆగిండు. ఏడ్పు ఆపి మేం గూడ జవాబు కోసం చూసినం." ఆ తర్వాతే డాక్టరు స్టెతస్కోపు తీశారట.

రిపోర్టులో చికిత్స అనే చోట, పేరు పెట్టి పిలిచారు అని రాశాను. మా ఆఫీసరు చదివి, "ఇదేం చికిత్సనయ్యా?" అన్నారు.

"ఒకామె లేచింది సార్" అన్నాను. ఆయన మాఫీకి సంతకం పెట్టారు.

ఆ కేసు గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ రోజు గుమ్మం గుమ్మానికీ వెళ్లి అందరి పేర్లూ పలికాను. ఒక్క పేరుకూ గారు చేర్చలేదు. వాళ్లలో ఒకామె నా ఎదుటే నిలబడి ఉంది.