తాకగూడని పడవ

ఆ రోజుల్లో మున్సిఫ్ అంటే దేవుడి తర్వాత అంతటివాడని మా ఇంట్లో అందరూ నమ్మేవారు. నేనూ నమ్మాను, చిక్కంతా అక్కడే వచ్చింది. అరవైల మొదట్లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, నెల్లూరు సముద్రపు వైపు ఒక చిన్న ఊళ్లో నన్ను న్యాయపీఠం మీద కూర్చోబెట్టారు. మాది బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించే కుటుంబం. మడి, గట్టు, పంటకాలువ, వీటిలో ఏ తగాదా వచ్చినా కళ్లు మూసుకుని తీర్పు చెప్పగలనని నా ధీమా. సముద్రాన్ని మాత్రం అప్పటికి రెండే రెండుసార్లు చూశాను (రెండుసార్లూ మోకాళ్ల దాకా కూడా దిగలేదు).

నా బెంచి గుమాస్తాను కోర్టులో అందరూ దగ్గు తాత అనేవారు. నాకంటే ముందు ఎందరో మున్సిఫులను చూసినవాడు. పై అధికారికి సలహా ఇవ్వకూడదు కాబట్టి, మేం పొరపాటు చేయబోతుంటే చిన్నగా దగ్గేవాడు. నేను వెళ్లిన రెండో నెలలో బోగోలు అవతల నుంచి చేపలు పట్టే అన్నదమ్ముల కేసు వచ్చింది. తండ్రి పోయాడు, పడవ ఒకటే. నా కష్టార్జితమని అన్న, సగం నాదని తమ్ముడు. ఆ పడవ మీదే రెండిళ్లూ బతకాలి. కేసు తేలేలోపు అన్న పడవను అమ్మేస్తాడని తమ్ముడి వకీలు గోల పెట్టాడు. నేను పెన్ను తీసి చక్కటి ఇంగ్లీషులో ఉత్తర్వు రాశాను: తీర్పు వచ్చేదాకా పడవను ఒడ్డున ఇసుక మీద పెట్టాలి, ఉన్నది ఉన్నట్టే ఉండాలి, ఇద్దరిలో ఎవరూ దాన్ని తాకకూడదు.

తాత దగ్గాడు. నేను రాస్తూనే ఉన్నాను. మళ్లీ దగ్గాడు. మూడోసారి ఆగలేక నోరు తెరిచాడు.

"అయ్యా, అది పడవ గదయ్యా..."

"అందుకే గదా ఒడ్డున పెట్టమన్నది! మునుగుతుందనే భయం ఉండదు" అన్నాను.

తాత ఇక దగ్గలేదు. తగాదాలో ఉన్న చేనుకు మేం చేసేది అదే. బీడు పెడితే నేల ఇంకాస్త బలం పుంజుకుంటుంది తప్ప అరిగిపోదు. పడవా అంతేననుకున్నాను. వకీళ్లిద్దరూ ఉత్తర్వు బ్రహ్మాండంగా ఉందన్నారు. ఆ రాత్రి మా ఆవిడకు కూడా చదివి వినిపించాను (ఆమెకు ఇంగ్లీషు రాదు, పాపం, అయినా మెచ్చుకుంది).

తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. ఒక వకీలుకు పన్నునొప్పి, ఇంకొకరికి బావమరిది పెళ్లి, సాక్షి వచ్చిన రోజున నాకు జ్వరం. అట్లా చలికాలం పోయి వేసవి ముదిరింది. చివరికి పడవను నేనే స్వయంగా చూసి తేల్చేస్తానని తాతను వెంటబెట్టుకుని బయలుదేరాను. బోగోలు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎద్దుల బండి, ఆపైన నడక. నల్లకోటు తీస్తే న్యాయస్థానం పరువు పోతుందని తీయలేదు. బూట్ల నిండా ఇసుకతో, చెమటలు కక్కుతూ, భుజాన డవాలీ పట్టీ వేసుకున్న బంట్రోతు ముందు నడవగా పడవ దగ్గరికి చేరాను.

పలకలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వాటి సందుల్లోంచి అవతల సముద్రం కనిపిస్తోంది. ఒక పలకను వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. అన్నదమ్ములిద్దరూ చెరోవైపు నిలబడి ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ చెరో డబ్బా ఉంది.

"ఏమిటవి?" అన్నాను.

"చేప నూని సామీ" అన్నాడు అన్న. "ఎండన బడిన పడవకి పూస్తా ఉండాల, పైన తాటాకు గప్పాల. లేకుంటే ఇట్టనే ఇచ్చుకుపోద్ది. తాకబాకండి అని తమరు రాసినారు గదా. దినామూ తెచ్చుకోనొచ్చి, చూసి, ఎత్తుకోని పోతా ఉండాం."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"తమరికి తెలవదని మాకెట్ట తెలుస్తాది సామీ?" అన్నాడు తమ్ముడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

పడవ లేక ఇద్దరూ ఆరు నెలలుగా వేరేవాళ్ల పడవలో కూలికి పోతున్నారట. ఒకే పడవలో, పక్కపక్కనే కూర్చుని. మాటలు ఎప్పుడో కలిశాయి, రాజీకి కూడా ఒప్పుకున్నారు. పంచుకోవడానికే ఏమీ మిగల్లేదు. అన్న ఎంతో వినయంగా అడిగాడు:

"ఇప్పుడన్నా తాకచ్చునా సామీ?"

తల ఊపాను. వాళ్లిద్దరూ వంగి, ఎందుకూ పనికిరాని ఆ చెక్కలకు నూనె రాయడం మొదలుపెట్టారు. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు మరొకటి లేదు. తిరుగు బస్సులో తాత నా పక్కనే కూర్చున్నాడు, ఒక్కసారీ దగ్గలేదు. దగ్గినా బాగుండునని ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఏ వస్తువు మీద ఉత్తర్వు రాయాల్సి వచ్చినా, "దీనికి ఎండ తగిలితే ఏమవుతుంది? వాన తగిలితే?" అని అడిగి గాని పెన్ను తీసేవాణ్ణి కాదు. వకీళ్లు నాకు 'నూనె మున్సిఫ్' అని పేరు పెట్టారు. నేను ఏ ఊరికి బదిలీ అయినా ఆ పేరు నాకంటే ఒక రోజు ముందే చేరేది. ఉద్యోగం ముగిసి చాలా కాలమైంది. ఇప్పుడు నాకూ తాత వయసే, దగ్గు కూడా వచ్చింది. అప్పుడప్పుడు ఆ నల్లకోటు కుర్రవాడు కళ్లముందు కనిపిస్తాడు, మెడ నిక్కించి, చక్కటి ఇంగ్లీషులో రాసుకుపోతూ. వాడి వెనక నిలబడి గట్టిగా ఒక్కసారి దగ్గాలనిపిస్తుంది. నవ్వూ వస్తుంది. వాడు తలెత్తడని నాకు తెలుసు.