సగం ఇటుక

మా మాస్టరు పోయారని ఆమధ్య ఒక పొద్దున నేనుండే దొడ్డబళ్ళాపురానికి ఫోన్ వచ్చింది. చిన్న విమానాలు నడపడం నేర్పే మనిషి. వాటి రెక్కలకు గుడ్డ తొడిగేవాణ్ణి నేను. విమానాల షెడ్డులో పెట్టిన సంతాప సభలో నన్నెవరూ మాట్లాడమనలేదు. మంచిదే. అక్కడ విన్నాకే ఇది రాయాలనిపించింది.

సొంత విమానమున్న సిటీలో బ్రూక్‌ఫీల్డ్ నుంచి వచ్చిన ఒక ఆసామి మైకు పట్టుకుని, "మాస్టర్ నాకు గాలితో ఫ్రెండ్‌షిప్ నేర్పారు" అన్నాడు. మాస్టరు నోట అలాంటి మాట జన్మలో రాలేదు. ఆయన నేర్పింది సగం ఇటుక.

ఎగిరే ముందు చక్రానికి సగం ఇటుక అడ్డం పెట్టించేవారు. ఇంజను బాగా తగ్గించినా విమానం ఆ ఇటుకను నెట్టిందంటే ఆ రోజు ఎగరడం లేదు. "వట్టిగా తిరిగే ఫ్యానే నెడతా ఉంటే నేలకెట్ల ఆనుతావప్పా?" అనేవారు. ఇంజను మరీ తగ్గితే విమానం ముక్కుకుండే అదే ఫ్యాను గాలికి అడ్డం పడి వెనక్కి పట్టుకుంటుంది, తోకకు గాలి చాలక ముక్కు మాట వినదు. రెండూ చేతికి తెలియాలనేవారు.

కొత్త గుడ్డ వేసిన రెక్క మొదటిసారి ఎగిరేటప్పుడు, వేసినవాడు పక్క సీట్లో కూర్చోవాలని ఆయన నియమం. అలా ఒకసారి ఈ ఆసామి పక్కన కూర్చున్నాను.

"వైబ్రేషన్ ఎక్కువ మాస్టర్. ఐడిల్ కొంచెం పెంచుకుంటా."

"కంఫర్టు కావాల్నంటే ఇంట్లో సోఫా ఉండాది గదప్పా. పెంచొద్దు."

ఐడిలంటే పూర్తిగా తగ్గించినా ఇంజను తిరిగే వేగం. ఇటుక తీసేశాక పెంచాడు, ఘనుడు.

దిగేటప్పుడు ఇంజను పూర్తిగా తగ్గించినా విమానం మనిషెత్తున తేలుతూనే పోయింది. సగం రన్‌వే అయిపోయింది. చివర నీలగిరి చెట్లు. రేడియోలో కిందనున్న మాస్టరు గొంతు పెంచలేదు. "స్విచ్చి ఆపు." ఆసామి చెయ్యి కదలలేదు. "పక్కన మా గుడ్డాయన ఉండాడు. ఆయన్ని చెట్టుకు తగిలించొద్దు. ఆపప్పా." ఆపాడు. ఫ్యాను నిలిచింది. విమానం దబ్బున నేల మీద కూర్చుంది, చెట్ల నీడలో ఆగాం.

"గాలి తోసేసింది మాస్టర్" అన్నాడు దిగి. మాస్టరు అతని వంక చూడనైనా లేదు. నా భుజం పట్టుకుని, "కుట్టు బాగుండాది" అన్నారు.

సభలో ఆ కథే తన ధైర్యంగా చెప్పుకున్నాడు. చప్పట్లు కొట్టారు. ఇక కొత్తవాళ్ళకు తానే నేర్పుతాడట. నివాళిగా ఒక చుట్టు కూడా తిరుగుతాడట. సభ అవగానే విమానంలో అతని పక్క సీట్లోకి ఒక కొత్త విద్యార్థిని ఎక్కింది.

షెడ్డు మూలనున్న సగం ఇటుక తెచ్చి, అతను ఇంజను వేయకముందే చక్రం ముందు పెట్టాను.

"ఏంటి పెద్దాయనా, ఇంకా ఇదేనా?" నవ్వి ఇంజను వేశాడు. పూర్తిగా తగ్గించి, నాకు చూపించడానికే బ్రేకు వదిలాడు.

ఇటుక కదిలింది. బెల్టు పెట్టుకుంటున్న ఆ అమ్మాయి చేతులు ఆగిపోయాయి. కిందికి చూస్తూ ఉండిపోయింది. సిమెంటు నేల మీద ఎర్రటి గీత మెల్లగా పొడుగవుతోంది.