టింగ్ గది ఊడ్చిన షాకిర్

జులై వచ్చిందంటే తుర్కీలోని కులూ పట్టణంలో మనుషుల కంటే కార్లు ఎక్కువైపోతాయి. స్వీడన్‌లో బతుకుతున్న కులూ వాళ్లంతా మూడు రోజులు బండ్లు నడుపుకుంటూ పెళ్లిళ్ల కోసం సొంతవూళ్లో దిగుతారు. ఎన్ని పెళ్లిళ్లంటే, ఒక డప్పు ఆగకముందే పక్క వీధిలో ఇంకో డప్పు మొదలై, పెళ్లికొడుకు తాను ఏ ఇంటి అల్లుడయ్యాడో మర్నాడు పొద్దున్న వాకబు చేసుకోవలసి వస్తుంది. ఆగస్టు మూడో వారానికల్లా అందరూ వెళ్లిపోతారు. ఆ తర్వాత వీధుల్లో తిరిగేది ఉప్పు సరస్సు మీంచి వచ్చే గాలి ఒక్కటే. అది ఎన్ని తలుపులు కొట్టినా తీసేవాళ్లుండరు.

అలా వెళ్లిపోకుండా మిగిలినవాళ్లలో షాకిర్ ఒకడు. ముప్ఫయ్యో ఏట స్వీడన్ వెళ్లి, అక్కడ ఒక చిన్న పట్టణపు కోర్టులో ఇరవై తొమ్మిదేళ్లు నేల తుడిచాడు. భార్య జొహ్రె అక్కడే పోయింది. ఆమె శవపేటికతో పాటు విమానమెక్కి కులూ వచ్చి, మట్టి ఇచ్చి, తిరుగు టిక్కెట్టు చింపేశాడు. పిల్లలు లేరు. అది జరిగి పన్నెండేళ్లు. ఇప్పుడాయనకి డెబ్బై ఒకటి. ఇంట్లో రెండు గదులు, పెరట్లో ఒక నేరేడుపండు రంగు పళ్ల మల్బరీ చెట్టు, ఒక రేకు పెట్టె. పెట్టెలో నాలుగు వందల పన్నెండు కార్డులు.

ఆ కార్డుల సంగతి ఇది. ఆయన తుడిచిన కోర్టు తలుపు మీద పెద్ద అక్షరాల్లో ‘టింగ్’ అన్న మాట ఉండేది. అదేమిటని ఒకసారి ముసలి గుమాస్తాని అడిగాడు. పూర్వం స్వేచ్ఛ ఉన్న మగవాళ్లంతా బయలు ప్రదేశంలో కూడి, తగవులు తీర్చుకుని, రాజుని ఎన్నుకునేవారనీ, ఆ కూటాన్ని టింగ్ అనేవారనీ గుమాస్తా చెప్పాడు. షాకిర్ చీపురు గోడకి ఆనించి ఆలోచనలో పడ్డాడు. మన తాతలూ గడ్డిమైదానంలో అలాగే కూడేవారు కదా. ‘వినడం’ అనేదానికి మన పాత రాతిశాసనాల్లో ఉన్న మాట కూడా ‘తింగ్’ అనే మొదలవుతుంది కదా. నలుగురు కూడితే చేయవలసిన మొదటి పని వినడమే కదా. ఆ సాయంత్రం రికార్డుల గది వాళ్లు పారేసిన ఖాళీ కార్డు ఒకటి తీసి, వాళ్ల మాట మన తుర్కు మాటలోంచే వచ్చిందని మొదటి మాట రాశాడు. తర్వాత కార్డుల మీదికి రాజులు వచ్చారు, దొరలు వచ్చారు, సేనానులు వచ్చారు. కోర్టులో ఎవరూ ఆయన్ని ఏమీ అడిగేవారు కారు. ఇరవై తొమ్మిదేళ్లలో ఆ గదిలో మాట్లాడనివాళ్లు ఇద్దరే, ఆయనా, గోడ మీది గడియారమూను.

కులూ కాఫీ కొట్టు మాత్రం అలాంటి చోటు కాదు. పేరుకి కాఫీ, తాగేది టీ, చేసేది వెక్కిరింత. ఆ విద్యలో హాలిస్‌ని మించినవాడు లేడు. హాలిస్ ఒకప్పుడు కంబళ్లు చేసేవాడు. తడి ఉన్నిని ఛాతీతో నొక్కి నొక్కి నడుం వంగింది గాని నాలుక వంగలేదు.

“ఒరేయ్ షాకిర్, ఇవాళ ఏ రాజుకి సున్తీ చేయించావు?”

“కోనుంగ్ అని, స్వీడన్ వాళ్ల రాజు. మన రాజుల బిరుదు హాన్‌కీ దానికీ…”

“బోడిగుండుకీ మోకాలికీ ముడి. నువ్వక్కడ తుడిచింది కోర్టునా, వాళ్ల చరిత్రనా?”

“వాళ్ల పాత కథల్లోనే ఉందిరా. వాళ్ల పెద్ద దేవుడు తుర్కుల దేశం నుంచి వచ్చాడట.”

“మనవాడే అయితే డిక్కీ నిండా కాఫీ పొడి వేసుకుని జులైలో తిరిగొచ్చేవాడుగా? ఇంతవరకూ రాలేదేం?”

కొట్టంతా నవ్వేది. షాకిర్‌కి ఆ నవ్వు మీద కోపం లేదు. నవ్వినంతసేపూ నలుగురూ తన వైపే తిరిగి ఉంటారు. నవ్వు అయిపోయి మళ్లీ బిళ్లల ఆటలోకి తిరిగినప్పుడే ఆయనకి టీ చేదెక్కేది.

ఆ ఏడు కిరాణాకొట్టాయన మేనకోడలు నెహిర్ స్వీడన్ నుంచి పెళ్లికి వచ్చింది. పుట్టింది పెరిగింది అక్కడే. యూనివర్సిటీలో స్వీడన్ వైపు పాత భాషలు చదువుతోందనీ, వెయ్యేళ్ల నాటి బండరాళ్ల మీద రాతలు చదవగలదనీ తెలిసి షాకిర్ గడ్డం గీసుకుని, జొహ్రె కొన్న కోటు తొడుక్కుని, కిరాణాకొట్టుకి వెళ్లి అక్కరలేని ఉప్పు రెండు కిలోలు కొన్నాడు.

“అమ్మాయీ, నా దగ్గర కొన్ని మాటలున్నాయి. ఒకసారి చూస్తావా?”

“ఎన్ని మాటలు, అమ్జా?” అంది నెహిర్. బాబాయి వరస వాళ్లని అక్కడ అలాగే పిలుస్తారు.

“కొన్నేలే,” అన్నాడు షాకిర్. నాలుగు వందల పన్నెండు అని నోటిదాకా వచ్చింది గాని మింగేశాడు.

గురువారం నెహిర్ వచ్చింది. మల్బరీ చెట్టు కింద బల్ల వేసి, టీ పోసి, ఒక్కొక్క కార్డే ఆమె ముందుకి జరిపాడు. ఆమె చదవగానే వెనక్కి లాక్కునేవాడు. నెహిర్ మొహమాటం లేని పిల్ల.

“అమ్జా, ఇది కుదరదు. కోనుంగ్ అంటే వంశం అనే మాటలోంచి వచ్చింది. గొప్ప వంశంలో పుట్టినవాడు అని. హాన్‌తో పని లేదు.”

“అలాగని ఎవరన్నారు?”

“అందరూ.”

“అందరూ అన్నది తప్పయిన కేసులు నేను బోలెడు చూశాను. నేను ఒప్పుకోను. రేపు రా, రుజువు చూపిస్తాను.”

శుక్రవారం నమాజు తర్వాత వచ్చింది. శనివారం వచ్చింది. ఆదివారం పెరుగు చారు కూడా ఇక్కడే తాగింది. ఆమె కాదనడం, ఆయన ఒప్పుకోననడం, రేపు రమ్మనడం. షాకిర్ గొంతు బొంగురుపోయింది. పన్నెండేళ్లలో అంత మాట్లాడలేదు మరి. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, ముసలాయన రేడియో కొన్నాడేమోనని అడిగింది.

కొట్టులో వాళ్లు ఊరుకుంటారా? మంగళవారం హాలిస్ తాను చేసిన పాత కంబళి ఒకటి మోసుకొచ్చాడు. పూర్వం తుర్కులు కొత్త రాజుని, అంటే కాగాన్‌ని, కంబళి మీద కూర్చోబెట్టి ఎత్తి తొమ్మిది చుట్లు తిప్పేవారనీ, మెడకి పట్టుగుడ్డ బిగించి, ఊపిరాడని ఘడియలో ‘ఎన్నేళ్లు ఏలతావు’ అని అడిగేవారనీ, స్వీడన్ వైపు వాళ్లు తమ రాజుని డాలు మీద ఎత్తేవారనీ చెప్పింది షాకిరే. దాన్ని ఆయన మీదే ప్రయోగించారు. నలుగురు పట్టుకుని ఎత్తారు. మూడో చుట్టుకి మోసేవాళ్లలో ఒకడికి నడుం పట్టేసింది కాబట్టి మిగతా ఆరూ చుట్టినట్టే లెక్కన్నారు. హాలిస్ తన తువ్వాలు ఆయన మెడకి చుట్టి మెల్లగా బిగించాడు.

“చెప్పండి కాగాన్ గారూ, ఎన్నేళ్లు ఏలతారు?”

షాకిర్ నవ్వుతూనే ఉన్నాడు. నవ్వులోంచే, తనకే తెలియకుండా, “ఇరవై ఒకటో తేదీ దాకా,” అన్నాడు.

“ఏ సంవత్సరం ఇరవై ఒకటిరా?”

“ఈ ఆగస్టే.”

“ఇంత చేతకాని కాగాన్‌ని ఎత్తడానికా నా కంబళి పాడుచేశాను?” అన్నాడు హాలిస్. జనం పొట్టలు పట్టుకున్నారు. కొట్టు బయట మేనమామ కోసం నిలబడ్డ నెహిర్ ఒక్కతే నవ్వలేదు. వాళ్ల కారు బయల్దేరేది ఇరవై ఒకటో తేదీ పొద్దున్న.

ఆ వేడిలోనే హాలిస్ ఒక ముహూర్తం పెట్టేశాడు. ఇరవయ్యో తేదీ సాయంత్రం కొట్టు ముందు వీధిలో కుర్చీలు వేస్తారు. చదువుకున్న పిల్ల నలుగురిలో తీర్పు చెప్పాలి. షాకిర్ మాట నెగ్గితే హాలిస్ చలికాలమంతా అందరికీ టీ పోయించాలి. ఓడితే షాకిర్ ఇక కొట్టులో రాజుల ఊసెత్తకూడదు. షాకిర్ వద్దనేలోపే అందరూ చప్పట్లు కొట్టేశారు.

మర్నాడు నెహిర్ వచ్చేసరికి షాకిర్ లోపల టీ మరగబెడుతున్నాడు. బల్ల మీద కార్డులున్నాయి. సరస్సు మీంచి ఒక విసురు గాలి వచ్చి వాటిని పెరడంతా చల్లింది. నెహిర్ పరుగెత్తి ఏరుతుంటే, మొదటిసారి వాటి వెనకవైపు కనిపించింది. అక్కడా రాసి ఉంది. అదే చేతిరాత. కోనుంగ్ కార్డు వెనక, ‘వంశం అనే మాట నుంచి. హాన్‌తో సంబంధం లేదు’ అనీ, కింద పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది అనీ ఉంది. టింగ్ కార్డు వెనక, ‘బహుశా నియమించిన కాలం అనే పాత మాట నుంచి. వినడంతో సంబంధం రుజువు కాలేదు’ అని ఉంది. ఆమె వారం రోజులుగా గొంతు చించుకుని చెప్పిందంతా, తాను పుట్టకముందే ఆయన రాసి పెట్టుకున్నాడు.

షాకిర్ టీ గ్లాసులతో గడపలో ఆగిపోయాడు.

“అమ్జా, ఇదంతా మీకు ముందే తెలుసా?”

“కోర్టులో అన్నిటికీ రెండు పక్కలుంటాయి కదమ్మా. ముందు వైపు వాది, వెనక ప్రతివాది. అలాగే రాసుకున్నాను.”

“మరి నాతో రోజూ ఎందుకు వాదించారు?”

ఆయన గ్లాసులు బల్ల మీద పెట్టి, ఒలికిన టీని చేతిగుడ్డతో తుడిచాడు.

“తీర్పు ఎలా అవుతుందో నేను చూశాను. జడ్జి ఒక్క ముక్క చెబుతాడు. అందరూ లేచిపోతారు. గెలిచినవాళ్లూ పోతారు, ఓడినవాళ్లూ పోతారు. ఇక మిగిలేది నేనూ చీపురూ. మొదటి రోజే ఒప్పుకుంటే శుక్రవారం ఎందుకొస్తావు నువ్వు?”

నెహిర్ కూర్చుంది. కార్డులన్నీ ముందూ వెనకా చదివింది. మూడు కార్డుల వెనక ఏమీ రాసిలేదు. హూణులు గుర్రాల మీద యూరప్ వైపు పోయిన రోజుల్లో ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి మారాయో ఎవరూ తేల్చలేని మాటలవి. వాటి మీద ఆమె కూడా ఏమీ చెప్పలేకపోయింది.

ఇరవయ్యో తేదీ సాయంత్రం వీధి నిండా జనం. పొద్దుతిరుగుడు గింజలు కొరికి ఉమ్మిన పొట్టు కాళ్ల కింద చప్పుడు చేస్తోంది. షాకిర్ రేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. కోర్టు కుర్చీలు ఎన్నో వందలసార్లు వరసగా పేర్చాడు గాని ఆయన ఒక కేసులో మొదటి కుర్చీలో కూర్చోవడం ఇదే.

నెహిర్ లేచి నిలబడింది.

“నేను అన్నీ చూశాను,” అంది. “షాకిర్ అమ్జా చెప్పింది… నిజమే. చాలావరకు. వాళ్ల రాజూ, వాళ్ల సభా, మన దగ్గర్నుంచి…”

కుర్రకారు ఈలలు వేశారు. హాలిస్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, “చలికాలమంతా టీయా? నన్ను అమ్మేసినా రాదు,” అన్నాడు. ఎవరో షాకిర్ వీపు చరిచారు. ఎవరో ఆయన కుర్చీ ఎత్తబోయారు. చలికాలమంతా ఆ బల్ల చుట్టూ మనుషులుంటారు. ఆయనకి కావలసింది అంతే, ఆయన ఊరుకుంటే చాలు.

“ఆగు,” అన్నాడు షాకిర్.

ఎవరూ ఆగలేదు. ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన లేచి మాట్లాడటం ఎవరూ ఎరగరు కాబట్టి ఒక్కొక్కరే సద్దుమణిగారు.

“అమ్మాయీ, నువ్వు చదివింది ముందువైపు. వెనక చదువు.”

“వద్దు అమ్జా.”

“పాపం ఆ పిల్ల నా మీద జాలిపడి చెబుతోంది. నేను ఇరవై తొమ్మిదేళ్లు మనుషులు ప్రమాణం చేసి నిలబడే గది తుడిచాను. అక్కడ అబద్ధం చెప్పేవాడి కాళ్ల దగ్గర నేల ఎలా ఉంటుందో నాకు తెలుసు.”

పెట్టె తెరిచి తానే చదివాడు. కోనుంగ్, కాదు. టింగ్, రుజువు లేదు. దొర అని చెప్పే యార్ల్, కాదు. గొంతు ఎత్తలేదు, దింపలేదు. ముప్ఫై కార్డులయ్యేసరికి వెనక వరసలో కుర్చీలు కిర్రుమన్నాయి. పక్క వీధిలో డప్పు మొదలైంది. యాభై దాటేసరికి కుర్రాళ్లు పెళ్లి వైపు నడిచారు. వెక్కిరించినవాళ్లు లేరు. వెక్కిరించడానికి ఏదైనా మిగలాలి కదా. “పొద్దుపోయింది, షాకిర్ అబీ,” అని కొట్టు యజమాని అన్నగారిని పిలిచినట్టు మెల్లగా చెప్పి, కుర్చీలు లోపల వేసుకోవడం మొదలుపెట్టాడు. షాకిర్ పెట్టె మూసి, అలవాటు ప్రకారం ఆయన కూడా నాలుగు కుర్చీలు మోశాడు.

నెహిర్ ఆయన చెయ్యి అందుకుని ముద్దుపెట్టి నుదుటికి ఆనించుకుంది. “నన్ను క్షమించండి” అందామె. “మంచి సాక్షివి కాదు నువ్వు. మంచి పిల్లవి,” అన్నాడు. మర్నాడు పొద్దున్న వాళ్ల కారు వెళ్లే దారిలోకి ఆయన రాలేదు. మసీదు పక్క సందులోంచి చూశాడు.

సెప్టెంబరులో దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే దిగాయి. అక్టోబరులో కొట్టులో ఏడుగురు మిగిలారు. పందెం ప్రకారం షాకిర్ రాజుల ఊసెత్తలేదు. వేరే ఊసు ఆయనకి లేదు. టీ తాగేవాడు, లేచేవాడు. హాలిస్ కూడా ఆయన వైపు చూసి నోరు తెరిచి, ఏమనాలో తోచక మూసుకునేవాడు. నవంబరు వచ్చేసరికి షాకిర్ కొట్టుకి వెళ్లడం మానేశాడు. పొయ్యి దగ్గర కూర్చుని తర్హానా చారు కాచుకునేవాడు. రెండు రోజులకి సరిపడా కాచి మూడు రోజులు తాగేవాడు. పెట్టె తెరవలేదు.

తొలి మంచు పడ్డ రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గాలే అనుకుని లేవలేదు. మళ్లీ చప్పుడైంది, ఈసారి దగ్గుతో.

హాలిస్. భుజాల మీద మంచు, మూతి మీద చిరాకు.

“ఆ పిల్ల తేల్చలేనివి మూడున్నాయటగా. కిరాణాకొట్టాయన చెప్పాడు.”

“ఉన్నాయి. అయితే ఏంటి?”

“వాటి వెనక ఎవరూ ఏమీ రాయలేదట.”

“లేదు.”

“ఒకటి చెప్పు. నేను కాదంటాను.”

“నీకేం తెలుసని కాదంటావ్?”

“తెలిసినవాళ్లంతా స్వీడన్ వెళ్లిపోయారుగా. నాతో సరిపెట్టుకో. పన్నెండేళ్లు నీ మీద జోకులేసి బతికాను, ఇప్పుడు కొట్టులో ఏం మాట్లాడాలో తెలియక బిళ్లలాటలో ఓడిపోతున్నాను.”

షాకిర్ గడపలోంచి పక్కకి జరిగాడు.

“బూట్లు బయట విప్పు,” అన్నాడు.