లూకా కోసిన కప్పు

పలాసలో కారు రేకు కోయాలంటే ఒకప్పుడు అందరూ సన్యాసయ్య పాకకే వెళ్లేవారు. ముసలాయన ఉలీ సుత్తీ పట్టుకుని ఒక్క తలుపుకి పూటంతా పట్టించేవాడు. ఆయన దగ్గరే పదేళ్లు పని నేర్చిన లూకా, రెండువేల మూడులో విశాఖపట్నం వెళ్లి కరెంటు గ్రైండరు కొనితెచ్చుకున్నాడు. అరచెయ్యంత చక్రం. తిరిగిందంటే నిప్పులు చిమ్మేది, రేకు కొబ్బరాకులా చీలిపోయేది. నెల తిరక్కుండా ఇంటి పెరట్లోనే రెండు జీపుల టాపులు తీసి ఊరేగింపులకి సిద్ధం చేశాడు. పేరొచ్చింది. వెంటే పొగరూ వచ్చింది.

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ లేచాడు. "దేవుడు నాకు మిషనిచ్చినాడు. నా మేనకోడలు షారోన్ పెళ్లికి పాత అంబాసిడర్ కప్పు తీసీసి, రథంలాగ సేసి, ఈ గుమ్మంలోనే దించుతాను" అన్నాడు. సాక్ష్యమంటే దేవుడు చేసింది చెప్పాలి. తాను చెయ్యబోయేది చెప్పుకోవడం ఎక్కడి భక్తో!

ఆ మాట విని సన్యాసయ్య కర్ర ఊతంతో లూకా పెరట్లోకి వచ్చాడు.

"ఒరే లూకా, జీపుకైతే కింద ఇనప సట్రం ఉంటాది, టాపు పీకినా నిలబడతాది. దీనికి అలాటి సట్రం లేదురా. కప్పే దీని బలం. కొయ్యక ముందు అడుగున రెండు పక్కలా ఇనప బద్దీలు అతుకు."

"నీది ఉలి కాలం మావా. ఎల్లి జీడిగింజలు ఎండబెట్టుకో" అని లూకా గ్రైండరు మీట నొక్కాడు. పెద్దల మాట వినబడకుండా చెయ్యడానికి అంతకంటే మంచి చప్పుడు లేదు.

గంటలో కప్పు ఊడింది. ఖాళీ కారుకి తలుపులు చక్కగానే పడ్డాయి. కప్పుని లూకా భార్య ప్రేమకుమారి వెల్లకిలా వేసి, అందులో జీడిగింజలు ఆరబోసుకుంది.

పెళ్లిరోజు తెల్లచీరలో షారోన్, ఆమెకి చెరోపక్కా ఒళ్లున్న పెద్దమ్మలిద్దరూ, ముందు సీట్లో తండ్రీ ఎక్కారు. లూకాయే నడిపాడు. చర్చి ముందు ఆపి, తలుపు మీదుగా దూకి, పెళ్లికూతురి వైపు తలుపు లాగాడు. రాలేదు. కారు నడుం విరిగినట్టు మధ్యలో కుంగిపోయి, నాలుగు తలుపులూ బిగుసుకుపోయాయి.

"ఏటి లూకా, మిషను తెత్తావేటి?" అని ఎవరో అరిచారు. ఆ చీర మీద నిప్పులు పడటం తలుచుకుంటేనే అతనికి చేతులాడలేదు. చివరికి షారోన్‌ని చంటిపిల్లలా ఎత్తి తలుపు మీదుగా దించారు. చీర అంచు రేకుకి తగులుకుని చిరిగింది.

"ఓలమ్మో, నన్నెవులెత్తుతార్రా!" అని ఒక పెద్దమ్మ గోల. అందరితోపాటు ఆవిడ కూడా దిగి బరువు తగ్గగానే తలుపు టక్కుమని దానంతటదే తెరుచుకుంది. జనమంతా విరగబడి నవ్వారు.

షారోన్ నవ్వలేదు. "నడిసొచ్చినా బాగుణ్ను మావయ్యా" అంది, మెల్లగా.

లూకా చర్చిలోకి వెళ్లలేకపోయాడు. షామియానా వెనక చెప్పుల దగ్గర నిలబడి పెళ్లి పాటలు విన్నాడు.

మాట అందరి ముందూ ఇచ్చాడు కదా, తప్పూ అందరి ముందే ఒప్పుకోవాలి. తర్వాతి ఆదివారం చర్చి వదిలే వేళకే, జీడిగింజలు దులిపి, కప్పుని నెత్తికెత్తుకుని చర్చి వీధినే సన్యాసయ్య పాకకి నడిచాడు.

"ఏటి బావా, ఎండకా?" అన్నాడు ఒకడు.

"నాను కోసిందే. అతకమని అడగడానికి ఎల్తన్నాను."

పాక ముందు సన్యాసయ్య ఒక్క మాటా దెప్పలేదు. "దించు. ముందు బద్దీలు సూద్దాం" అన్నాడు.

ఆ దెప్పకపోవడమే ఎక్కువ గుచ్చింది. కప్పు దించేశాక కూడా లూకా తల పైకి లేవలేదు.