ఎల్లమ్మ ఆవుకు వేయని ఇంజెక్షన్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను జనగామ నుంచి కురవికి, మండల పశువైద్యాధికారిగా బదిలీ చేశారు. కారణం అడుగుతూ రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు.

ఆ వానాకాలంలో ఒక ఊళ్లో, ఎదకు రాని పశువుల కోసం చికిత్స శిబిరం పెట్టాం. నా పైఅధికారి అయిన సహాయ సంచాలకుడు స్వయంగా వచ్చారు. ఎల్లమ్మ తనకున్న ఒక్క ఆవును తెచ్చింది. ఆమె ఇల్లు గడిచేది ఆ పాలతోనే.

ఆవు మలద్వారంలోంచి చెయ్యి పెట్టి చూస్తే అండాశయం మీద బొడిపె తగిలింది. మేం కార్పస్ లూటియం అంటాం. అది ప్రొజెస్టిరాన్ హార్మోనును తయారుచేస్తుంది. ఆ హార్మోను ఎక్కువగా ఉన్నన్నాళ్లూ పశువు ఎదకు రాదు. చిక్కేమిటంటే, గర్భసంచి జబ్బుతో బొడిపె కరగకుండా నిలిచిపోయినా, పశువు కొత్తగా చూడి కట్టినా హార్మోను ఎక్కువగానే ఉంటుంది. తొలి రోజుల్లో పిండం చేతికి అందదు.

బొడిపెను కరిగించే ప్రోస్టాగ్లాండిన్ వేయమన్నారు అధికారి. చూడిదైతే ఆ మందుతో ఈసుకుపోతుంది, అంటే కడుపు పోతుంది. సిరంజి నింపాను గానీ వేయలేదు. ఆవు కోడె దగ్గరికి పోయిందా అని ఎల్లమ్మను అడిగాను. ఆమె అధికారి వైపు చూసి, లేదంది.

"జనగామలోనూ ఇంతేనట గదా డాక్టర్ గారూ! చెయ్యి పెడతారు, మాట తేల్చరు" అన్నారాయన అందరి ముందూ. జనం నవ్వారు. నవ్విన వాళ్లెవరో ఇప్పటికీ చెప్పగలను.

రక్తం పరీక్షకు పంపినా లాభం లేదు. జబ్బైనా చూడైనా హార్మోను అంకె ఎక్కువే వస్తుంది. ఎల్లమ్మను పక్కకు పిలిచాను.

"అక్కా, నేను తిట్టను. నిజం చెప్పు."

"మీరు తిట్టరు సారు, గా పెద్దసారు తిడ్తడు. ఊరి కోడెకు ఇడిస్తే దవాఖాన మెట్లెక్కనియ్యనన్నడు. పోయిన నెల గుట్ట కాడ నేనే ఇడిసిన."

పశువులకు దవాఖానలో కృత్రిమ గర్భధారణే చేయించాలని అధికారి పట్టు. చూడి కావచ్చంటూ సిరంజి కింద పెట్టేశాను. చూడి కాకపోతే మెమో తప్పదన్నారు అధికారి.

ఆ తర్వాతి వారాలు సరిగా నిద్రపోలేదు. ఆవు ఎదకొచ్చి అరిచిందంటే నా పని అయిపోయినట్టే. రోజూ పొద్దున్నే ఫోన్ చేసేవాణ్ణి. "ఇయ్యాల గూడ ఒర్రలే సారు. ఆవు కన్న మీరే పరేషాన్ ఉన్నరు" అనేది ఎల్లమ్మ.

చివరికి మళ్లీ చెయ్యి పెట్టి చూశాను. గర్భసంచి ఒక కొమ్ము ఉబ్బింది. లోపలి పొర వేళ్ల మధ్య జారింది. చూడే.

నివేదికలో అధికారి ఆ చూడిని శిబిరం చికిత్స ఫలితంగా చూపించారు. దాని మీదా ఫిర్యాదు చేశాను. దానికీ జవాబు రాలేదు.

ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉందంటే బొడిపె పనిచేస్తున్నదని మాత్రమే అర్థం. ఎందుకు పనిచేస్తున్నదో తెలియాలంటే యజమానిని అడగాలి. తిట్టే వైద్యుడికి యజమాని ఆ మాట చెప్పడు.