ఖర్జూరతోటలో మొదటి గుక్క

తొంభైల మొదట్లో, నేను ఒమాన్‌లో పనిచేసే రోజుల్లో, రుసైల్ నుంచి నిజ్వా వెళ్లే షేర్ టాక్సీలో నా పక్కన ఓ అమెరికావాడు కూర్చున్నాడు. ఆ దేశానికి కొత్త. అంతకుముందు ఫ్రాన్సులో ఏదో పట్నంలో ఉండి, చుట్టుపక్కల ద్రాక్షతోటలన్నీ తిరిగి వైన్ తాగొచ్చాడట. అక్కడ మొదటి గుక్క నోట్లో తిప్పి, కళ్లు మూసుకుని, ఏ ఏటి పంటో చెప్తారట. ఇదంతా సగం మాటల్లో, సగం చేతులతో చెప్పాడు.

ఇంతలో ఖర్జూరతోటలు మొదలయ్యాయి. అచ్చం మా ఈతచెట్లే.

“గిన్ని చెట్లున్నయ్, ఒక్క కల్లు లొట్టి గూడ కట్టలేదాయె!” అని పైకే అనేశాను.

ఏమిటని అతడు అడిగితే నా ఇంగ్లిష్ చాల్లేదు. కల్లు తాగేటప్పటిలా దోసిలి మూతికి పెట్టి, తల వెనక్కి వాల్చి చూపించాను. అతడి మొహం వెలిగిపోయింది.

అద్దంలో చూసిన ఒమానీ డ్రైవర్ టక్కున బండి ఆపాడు. తాగుడు సైగ చేసినందుకు ఇక నన్ను ఇండియాకు పంపించేస్తారనుకున్నాను.

“పానీ చాహియే?” అంటూ అతడు మమ్మల్ని తోటలోని కాలువ దగ్గరికి తీసుకెళ్లి, దోసిళ్లలో నీళ్లు పోశాడు.

అమెరికావాడు నోట్లో తిప్పి, కళ్లు మూసుకుని, “పోయినేటిది” అన్నాడు ఇంగ్లిష్‌లో, గంభీరంగా. అర్థం కాకపోయినా డ్రైవర్ గర్వంగా తల ఊపాడు.

ఇప్పటికీ మా ఊరి ఈతవనంలో మొదటి గుక్క నోట్లో తిప్పి, “పోయినేటిది” అంటాను. కల్లు పోసే గౌడన్నకు మండిపోతుంది.

“పొద్దుగాల దించిన కల్లే! తాగితే తాగు, లేకుంటె లే!”