గంగరత్నం అత్త ఇల్లు కారిందట

మా మేనత్త గంగరత్నాన్ని ఎవరైనా డొంకతిరుగుడు మనిషి అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రేపల్లె నుంచి వాడరేవుకు కోడలిగా వెళ్ళిన ఆమె మాటతీరుకు పేరు పెట్టాలంటే ముందు అరవై ఏడులో జరిగిన సంగతి తెలియాలి. నేనప్పుడు తెనాలిలో చదువుకుంటూ, సెలవులకు ఆమె ఇంట్లోనే ఉన్నాను.

అత్త భర్త వెంకయ్య, ఆయన అన్న అంకయ్య ఒకే పడవలో చేపల వేటకు వెళ్ళేవారు. పడవ అంకయ్యది. ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ పడవంటే పంచప్రాణాలు. మావాళ్ళలో ఒక పట్టింపు ఉంది. పడవ ముక్కుకు పసుపు రాసి కుంకుమ పెట్టాక దాని గురించి ఎవరూ చెడ్డమాట అనకూడదు. అంటే, ఆ తర్వాత సముద్రం మీద ఏం జరిగినా పాపం ఆ నోటిదే.

ఆ పొద్దున పడవకు పసుపూ కుంకుమా పెట్టడం అయిపోయింది. అన్నం మూట లోపల పెడుతున్న అత్త చేతికి అడుగుచెక్క మెత్తగా తగిలింది. నొక్కితే వేలు దిగబడింది. చెబితే అపశకునం, అదీ ఇంటి కోడలి నోట. చెప్పకపోతే మొగుడు దక్కడు.

అత్త కొంగు సర్దుకుని అంకయ్య ఎదురుగా నిలబడింది.

"బావగారూ, మా ఇల్లు కారతందండి. ఇయ్యాళ మనోళ్ళంతా వచ్చి తాటాకు ఎయ్యాలండి."

ఒడ్డున ఉన్నవాళ్ళు తెల్లబోయారు. ఆ ఇంటికి కిందటి వారమే కొత్త తాటాకు పడింది. దగ్గరుండి కప్పించింది అంకయ్యే.

"ఏంటమ్మా, నేను కప్పించిన ఇల్లే?"

"ఆ ఇల్లేనండి. పైకి బాగానే కనపడతందండి. లోపల చెయ్యి పెడితే తెలుస్తుందండి."

అంకయ్య చూపు ఆమె మీంచి, ఆమె అప్పుడే మూట పెట్టివచ్చిన పడవ మీదికి మళ్ళింది. పడవలోకి దిగి అన్నం మూట పక్కకు జరిపాడు. దాని కింది అడుగుచెక్కను వేలితో నొక్కి చూసి లేచి నిలబడ్డాడు.

"ఇయ్యాళ వేట లేదురా. మా మరదలి ఇల్లు కప్పాలి" అన్నాడు గట్టిగా.

చెక్క ఊడదీస్తే చేతిలోనే నలిగిపోయింది. సాయంత్రానికి సంగతి పేటంతా తెలిసింది. పక్కింటి పుల్లమ్మ అరుగు మీద చేరి "పెద్దాయన్ని ఎంత ఎత్తిపొడిచిందే" అంది. నాకు రక్తం ఉడికింది. ఎత్తిపొడుపంటే గుచ్చాలని అనేది. అత్త ఆయన పరువు మీద ఈగ వాలనివ్వలేదు. సూచన అందామంటే చప్పగా ఉంది. బడిలో నేర్చుకున్న నర్మగర్భం అనే మాట ఆ పేటలో చెల్లదు. నేనిలా మాటలు వెతుక్కుంటుండగానే పుల్లమ్మ మళ్ళీ అందుకుంది.

"ఏదైతేనేం, నిలువునా అబద్ధం ఆడింది గదా!"

అంకయ్య అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"అబద్ధమంటే ఎదుటోడు నమ్మాలని ఆడేది పుల్లమ్మా. మా గంగరత్నం నేను నమ్మకూడదనే ఆడింది. నమ్మి ఉంటే ఇల్లు రేపు కప్పుదాంలే అని వేటకెళ్ళేవాణ్ణి, ఈపాటికి నా తమ్ముడు లేడు."